భట్టీకి ఎదురుగా

గుమ్మటం నడినెత్తిన మిగిలిన కంతకు సరిపడేలా చిట్టచివరి ఇటుకను కిష్టప్ప నాలుగుసార్లు చెక్కాడు. చెక్కిన ప్రతిసారీ దాన్ని అరచేతిలో నిలబెట్టి, తాపీ పిడితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ఫైర్ బ్రిక్ మంచిదైతే కంచులా ఖంగుమంటుంది. లోపల చీలిక ఉంటే పగిలిన కుండలా పలుకుతుంది. నాలుగోసారీ ఖంగుమంది. దాన్ని నీళ్ల బకెట్లో ముంచి తీసి, అంచులకు పలచగా ఫైర్ క్లే రాసి, కంతలో కూర్చోబెట్టి, పైన చెక్క ముక్క పెట్టి సుత్తితో మెల్లమెల్లగా దించాడు. తరువాత కళ్లు మూసుకుని చుట్టూ వేలితో తడిమాడు. గోరు దూరే సందు కూడా లేదు.

ఇదంతా ఏ ఫ్యాక్టరీలోనో అనుకునేరు. పటాన్‌చెరు దగ్గర కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంట్ల మధ్య, మందుల షాపు పక్కన, ఎనిమిది టేబుళ్లు పట్టే చిన్న ఇటాలియన్ హోటల్లో. ఇటలీ ఏ దిక్కున ఉందో కిష్టప్పకు తెలియదు. ఆ మాటకొస్తే అక్కడికి తినడానికి వచ్చేవాళ్లలో ముప్పాతిక మందికీ తెలియదు. అయినా సాయంత్రం ఆరు దాటిందంటే కుర్చీ దొరకదు. కిష్టప్ప సామాను సర్దుకుని బయటపడే వేళకు జనం లోపలికి వస్తుండేవారు. పిల్లలు, ముసలివాళ్లు, మెడలో ఐడీ కార్డులు తీయకుండానే వచ్చిన ఆడపిల్లలు. వాళ్ల గోల వీధి మలుపు దాకా వినిపించేది. ఇన్నాళ్లూ కరెంటు పొయ్యితో నెట్టుకొచ్చిన హోటలుకు ఇప్పుడు కట్టెల పొయ్యి కావాలనుకుంది దాని ఓనరు రమ్యశ్రీ. మూలన కిష్టప్ప కడుతున్నది దాన్నే.

"అయిపోయిందా మేస్త్రీ గారూ?" అంది రమ్యశ్రీ, టమాటాలు కడుగుతున్న చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ. ఆమెకు ముప్పై అయిదు దాకా ఉంటాయి. పుట్టింది ఈ పక్క రామచంద్రాపురంలోనే అయినా ఇంట్లో మాట్లాడేది మాత్రం కోస్తా మాటే.

"పైది అయింది అమ్మా. లోపలి ఇసుక తీస్తె గాని అసలు సంగతి తెల్వదు." లోపల తడి ఇసుకను కుప్పగా పోసి, దాని మీదే గుమ్మటం కట్టాడతను. మట్టి గట్టిపడ్డాక ఆ ఇసుకనంతా పొయ్యి నోట్లోంచి రేకు డబ్బాతో తోడేయాలి. అప్పుడు నిలబడితేనే పొయ్యి.

"ఇలాంటివి ఇప్పటిదాకా ఎన్ని కట్టుంటారు?"

"ఇంత చిన్నది ఇదే మొదాలు. పెద్ద భట్టీలు నలభై దాంక కట్టిన. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు."

"అంత పెద్దవి మండుతుంటే చూడ్డానికి ఎలా ఉంటుందండీ?"

కిష్టప్ప తాపీని నీళ్లలో ముంచి బొటనవేలితో రుద్దసాగాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది. "ఎర్కలేదమ్మా. నేను సూడలే."

"ఒక్కటి కూడానా?"

"కట్టుడు అయిన నాడే గేటు పాస్ వాపస్ తీసుకుంటరు. మా కాంట్రాక్టు గంతవరకే. వెలిగిచ్చే నాడు ఆఫీసర్లు వస్తరు, కొబ్బరికాయ కొడ్తరు. అప్పటికి మేం ఇంకో గేటు కాడ నిలవడి ఉంటం." ఫిర్యాదు చేసినట్టు కాదు, వానలు ఎప్పుడు పడతాయో చెప్పినట్టు చెప్పాడు.

రమ్యశ్రీ టమాటాల గిన్నె పక్కకు జరిపింది. తరువాత అంది. "శుక్రవారం పొద్దున వెలిగిద్దాం. మీరు ఉండి తీరాలి. మీరు లేకుండా నేను అగ్గిపుల్ల కూడా గీయను."

కిష్టప్ప తలూపాడు. మోటారుసైకిల్ మీద పోతిరెడ్డిపల్లి దాకా వెళ్లేంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఒక పొయ్యి వెలిగిస్తారంటే ఇంత సంబరమా అని తనకే సిగ్గేసింది. ఇంటికి పోగానే పెళ్లాంతో చెప్పాడు.

సోమమ్మ జొన్నరొట్టె చేస్తోంది. పిండి ముద్దను రెండు చేతులతో చరుస్తూ, చెయ్యి ఆపకుండానే, "నువ్వు కట్టే పొయ్యిల నుంచి ఇనుము గాక తినేటిది ఎల్లుడు గిదే మొదటిపారి" అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చి నవ్వింది. "అదే రొట్టెనా? మొన్న తెచ్చినవు సూడు. సైకిల్ ట్యూబు లెక్క సాగింది. దానికోసరం గంత మంది లైను కడ్తరా?"

హోటల్లో వడ్డించే సునంద ఒకనాడు మిగిలిన పిజ్జా ముక్క కాగితంలో చుట్టి ఇస్తే కిష్టప్ప ఇంటికి తెచ్చాడు. తెచ్చేసరికి చల్లబడి గట్టిపడింది. సోమమ్మ ఒక కొస కొరికి, మిగిలింది కుక్కకు వేసింది. కుక్క కూడా కొంచెం ఆలోచించే తిన్నది.

బుధవారం ఇసుకంతా తోడేశాడు. డబ్బా డబ్బాకూ ఊపిరి బిగబట్టాడు. గుమ్మటం నిలబడింది. లోపలికి తల దూర్చి టార్చి వేసి చూశాడు. వరుస మీద వరుస, ఎక్కడా జారలేదు. సాయంత్రానికి పడమట మబ్బు పట్టింది. చిమ్నీ మీద పెట్టాల్సిన రేకు టోపీ ఇంకా తయారై రాలేదు. పచ్చి మట్టి మీద వాననీళ్లు పడితే పనంతా నాశనం. నిచ్చెన వేసుకుని డాబా ఎక్కి, గోనెసంచిని ఉండగా చుట్టి చిమ్నీ నోట్లో గట్టిగా కుక్కాడు. ఏ ఫ్యాక్టరీలోనైనా అతని చివరి పని అదే. తరువాత చేతులు కడుక్కున్నాడు.

శుక్రవారం సోమమ్మ ఇస్త్రీ చేసిచ్చిన తెల్ల చొక్కా తొడుక్కుని ఎనిమిదింటికల్లా వచ్చాడు. పొయ్యి నోటికి రెండు పక్కలా పసుపు రాశారు, కుంకుమబొట్లు పెట్టారు, పైన మామిడాకులు కట్టారు. పది పన్నెండు మంది చుట్టాలు టేబుళ్ల దగ్గర సర్దుకుంటున్నారు. పొయ్యికి ఎదురుగా చేతులు వెనక్కి కట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఆ నిలుచున్న తీరు చూడగానే కిష్టప్ప గుర్తుపట్టాడు. చలపతిరావు సారు. పటాన్‌చెరు దగ్గర కాస్టింగుల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఫ్యాక్టరీలో కిష్టప్ప ఆరు భట్టీలు కట్టాడు. గేటు పాసుల మీద సంతకం ఈ సారుదే. రమ్యశ్రీ తండ్రి ఈయనేనన్న సంగతి ఇప్పటిదాకా తెలియదు.

"నమస్తె సార్" అన్నాడు.

"ఆఁ, నమస్తే." చలపతిరావు అతని ముఖం చూడలేదు, పొయ్యి వైపే చూస్తూ మాట్లాడాడు. "మేస్త్రీవి నువ్వేనా? బాగా కుదిరిందయ్యా పని. సామాన్లన్నీ సర్దేసుకున్నావుగా? అయితే నువ్వు బయల్దేరు మరి. ఇక్కడ చోటు ఇరుకు, ఇంకా మావాళ్లు రావాలి."

కసిరినట్టు అనలేదు. అదే తంటా. కసిరితే కిష్టప్ప జవాబు చెప్పేవాడేమో. మీ బిడ్డనే నన్ను ఉండమన్నది సార్ అనడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఈ గొంతు ఈ మాటన్నప్పుడు ఏం చేయాలో అతని ఒంటికి ముందే తెలుసు. చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది, పాసు తీసి ఇవ్వడానికి. జేబులో దువ్వెన తప్ప ఏమీ లేదు. రమ్యశ్రీ వెనక వంటగదిలో ప్రసాదం కలుపుతోంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆమెను పిలవడానికి నోరు రాలేదు. "అట్లనే సార్" అని గడప దాటాడు.

బీరంగూడ కమాన్ దాకా వచ్చి, బండి ఆపి, ఛాయ్ చెప్పాడు. ఛాయ్ చేతిలో ఉంది గాని తాగబుద్ధి కాలేదు. తెల్ల చొక్కా వేసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఇంటికి పోతే సోమమ్మ అడుగుతుంది, ఎట్లున్నది అని. ఏం చెప్పాలి? నలభై అయిపోయినయి, ఇది నలభై ఒకటోది.

ఫోన్ మోగింది.

"మేస్త్రీ గారూ, ఎక్కడున్నారు?" రమ్యశ్రీ దగ్గుతూ మాట్లాడుతోంది. "మీరు ఉన్నారనుకునే నేను వెలిగించమన్నాను. పొగ పైకి పోవట్లేదు, అంతా లోపలికే కొడుతోంది. అందరం రోడ్డు మీద ఉన్నాం."

ఆమె మాట పూర్తికాకముందే కిష్టప్పకు తెలిసిపోయింది. గోనెసంచి. గ్లాసు బల్ల మీద పెట్టి బండెక్కాడు. తప్పు తనదే. ముప్పై ఏళ్లలో పని విషయంలో ఎవరితోనూ మాట పడలేదు. ఆ దారంతా ఏం చెప్పాలా అని వెతుక్కున్నాడు. 

హోటలు ముందు చుట్టాలంతా కొంగులు, రుమాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మందుల షాపతను కూడా బయటికొచ్చి చూస్తున్నాడు. చలపతిరావు కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"ఇదేనా నీ పని? కట్టేసి పోతే సరిపోతుందా? చిమ్నీ లాగుతుందో లేదో చూసుకోవద్దూ?"

కిష్టప్ప బండికి స్టాండు వేశాడు. నిచ్చెన తెచ్చి గోడకు వేసి డాబా ఎక్కాడు. గోనెసంచి కొస పట్టుకుని లాగితే రాలేదు, అంత గట్టిగా కుక్కాడు. గోడకు కాలు తన్నిపట్టి రెండు చేతులా గుంజాడు. మసిబారిన సంచి ఊడి వచ్చింది. వెనకే నల్లటి పొగ గుప్పున లేచి తెల్ల చొక్కా మీదుగా ఆకాశంలోకి పోయింది.

కిందికి దిగి ఆ సంచిని అందరి ముందూ నేల మీద పెట్టాడు.

"తప్పు నాదే సార్. వాన పడుతదని నేనే కుక్కిన. తీసుడు మర్చిపోలే. తియ్యాలన్నదే నాకు ఎర్కలేదు." సంచిని కాలితో కొంచెం ముందుకు జరిపాడు. "ఏ కంపెనీల అయినా గిది కుక్కి, పాస్ మీ చేతిలవెట్టి పోవుడే. దీన్ని ఎవ్వలు తీస్తరు, ఎప్పుడు తీస్తరు, నేను ఎన్నడు సూడలే."

చలపతిరావు సంచి వైపు చూశాడు. తరువాత మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిమ్మల్ని పంపించింది ఎవరు?" అంది రమ్యశ్రీ. ఆమె అడిగింది కిష్టప్పనే గాని ఆమె చూపు తండ్రి మీద ఉంది. చలపతిరావు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. లోపలికి రండి మేస్త్రీ గారూ. ఆరిపోయింది. ఈసారి మీరే వెలిగించాలి."

కిష్టప్ప మోకాళ్ల మీద కూర్చుని, సన్నటి పుల్లలు పేర్చి, అగ్గిపుల్ల గీశాడు. చేతులు మసిగా ఉన్నాయి. మంట అంటుకుంది. పొగ మొదట అతని ముఖం మీదికే వచ్చింది, ఒక్క క్షణం తటపటాయించింది, తరువాత వెనక్కి తిరిగి గుమ్మటం కింద పాకి, పొయ్యి నోటి పైనున్న చిమ్నీ కంతలోంచి సర్రున పైకి దూసుకుపోయింది. ఇటుకలన్నీ ఒక్కసారిగా ఎర్రటి వెలుతురులో కనిపించాయి. తను చెక్కిన ఇటుక, నాలుగుసార్లు చెక్కిన ఆ చివరిది, నడినెత్తిన మిగతావాటితో కలిసిపోయి ఉంది. అతని కళ్ల వెంట నీళ్లు కారాయి. పొగ వల్ల అని అందరూ అనుకున్నారు. అతను అలాగే అనుకోనిచ్చాడు.

కొత్త పొయ్యిని ఒక్కసారిగా కాల్చకూడదట. మొదటి రోజు చిన్న మంట, మర్నాడు ఇంకొంచెం, అలా వారం పైన మెల్లగా పెంచుకుంటూ పోవాలని రమ్యశ్రీ పుస్తకంలో రాసుకుంది. ఆ మంట చూసుకునే పనికి కిష్టప్పనే ఉండమంది. ఫ్యాక్టరీల్లో ఆ పని వేరేవాళ్లు చేసేవారు. ఏ రోజు ఎంత వేడి ఉండాలో ఆమె చెప్పేది. పొయ్యి ఒంటి మీద చెయ్యి తిప్పి పెట్టి అది తట్టుకుంటుందో లేదో అతను చెప్పేవాడు. రెండో రోజు బయటి గోడకు చెమట పట్టింది. లోపలి తడి అంతా బయటికొస్తోందని గుడ్డతో తుడిచాడు, జ్వరం దిగుతున్న పిల్లకు తుడిచినట్టు. ఎక్కడైనా టిక్కుమంటుందేమోనని చెవి ఒగ్గి కూర్చునేవాడు. టిక్కుమనలేదు.

ఎనిమిదో రోజు పెద్ద మంట. పొగకు కాటుకలా నల్లబడిన గుమ్మటం, చూస్తుండగానే నడినెత్తి నుంచి తెల్లబడటం మొదలైంది. మసి కాలిపోయి, ఇటుకలు కడిగినట్టు తేలాయి.

"గిట్ల అయితదా?" అన్నాడు కిష్టప్ప.

"అవుతుందండీ. అలా తెల్లబడితే పొయ్యి సిద్ధమైనట్టు లెక్క" అంది రమ్యశ్రీ.

నలభై భట్టీలు కట్టాను, ఇవ్వాళ తెలిసింది అనుకున్నాడు. అది బాధో సంతోషమో అతనికే తేలలేదు.

రెండో ఆదివారం సాయంత్రం సోమమ్మను తీసుకురమ్మని రమ్యశ్రీ గట్టిగా చెప్పింది. సోమమ్మ ముందు రానంది. ఆ సైకిల్ ట్యూబు తినడానికి నాకేం పట్టింది అంది. తరువాత పట్టంచు చీర కట్టుకుని తనే ముందు బండెక్కింది.

వాళ్లు వెళ్లేసరికి హోటలు తిరనాళ్లలా ఉంది. ఒక టేబుల్ దగ్గర ఎవరో పిల్లకు పుట్టినరోజు, ఇంకోచోట ఇద్దరు ముసలివాళ్లు ఒకే పళ్లెం మీద పోట్లాడుకుంటున్నారు. సునంద రెండు చేతుల్లో మూడు పళ్లేలతో కుర్చీల సందుల్లోంచి పక్కకు తిరిగి నడుస్తూ, "ఆరో టేబులుది అయిందా అక్కా" అని కేకేస్తోంది. పొయ్యిలోంచి మంట నాలుక బయటికి వచ్చినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. పొయ్యికి పక్కనే ఉన్న టేబుల్ దగ్గర సెగ ఎక్కువని ఎవరూ కూర్చోలేదు. కిష్టప్ప తిన్నగా అక్కడికే పోయాడు.

రమ్యశ్రీ పిండి ముద్దను వేళ్లతో ఒత్తి, చేతుల మీద తిప్పి సాగదీసింది. టమాటా గుజ్జు పులిమి, తెల్లటి చీజ్ ముక్కలు వేసి, పొడుగాటి రేకు పార మీద పెట్టి లోపలికి తోసింది. సోమమ్మ లేచి నిలబడి చూసింది. నూరు లెక్కపెట్టే లోపే అది ఉబ్బి, అంచులు పొంగి, బయటికి వచ్చేసింది. పైన నాలుగు పచ్చటి ఆకులు పడ్డాయి.

"తులసాకు వేస్తరా తిండిల?" అంది సోమమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని.

"తులసి కాదండీ, దాని చుట్టం. తినండి, వేడిగా తినాలి."

ఫోర్కులు పక్కకు జరిపి ఇద్దరూ చేత్తోనే తుంచారు. సోమమ్మ తినే ముందు ముక్కను తిరగేసి అడుగు చూసింది. గోధుమరంగు మీద అక్కడక్కడా నల్లటి చుక్కలు. రొట్టెను ఆమె ఎప్పుడూ అడుగు చూసే మెచ్చుకుంటుంది, లేదా పారేస్తుంది. అంచు కొరికితే కరకరలాడింది, లోపల దూదిలా ఉంది. టమాటా పులుపు, చీజ్ కమ్మదనం, ఆకు ఘాటు, అన్నింటి మీదా సన్నగా కట్టె పొగ వాసన. నాలుక కాలింది, అయినా ఆగలేదు.

"ఏమయ్యా" అంది నోట్లో ముక్క ఉండగానే. "నీ పొయ్యి మంచిగ కాగింది."

కిష్టప్ప నవ్వాడు. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ అతనికి ఏ కంపెనీ ఇవ్వలేదు. రెండోది కూడా వచ్చింది. దాని వెనకే వెల్లుల్లి, ఎండుమిర్చి, నూనె తప్ప ఇంకేమీ లేని సేమియా లాంటిది ఒకటి పొడుగ్గా వచ్చింది. అది వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే సోమమ్మ పడీపడీ నవ్వింది. పక్క టేబుల్ పిల్ల ఫోర్కుకు చుట్టి ఎలా తినాలో చూపించింది. "మన ఎల్లిగడ్డ కారమే గదే ఇది" అని కిష్టప్ప తేల్చేశాడు.

అప్పుడే చలపతిరావు వచ్చాడు. ఎనిమిది టేబుళ్లూ చూశాడు. ఎక్కడా చోటు లేదు, కిష్టప్పకు ఎదురుగా, పొయ్యికి వీపు పెట్టి ఉన్న కుర్చీ ఒక్కటి తప్ప. దాని దగ్గరికొచ్చి, వీపుపట్టె మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఇక్కడ కూర్చోవచ్చాండీ?"

కిష్టప్ప గబుక్కున లేవబోయాడు. సోమమ్మ మోచేత్తో ఆపింది. "కూసోండ్రి సార్" అన్నాడు, కూర్చునే.

చలపతిరావు కూర్చున్నాడు. కాసేపు నీళ్ల గ్లాసును అటూ ఇటూ జరిపాడు. "ఆ రోజు ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. మా నాలుగో నంబరు ఫర్నేసు కట్టింది మీరే కదూ?"

"అవు సార్. నాలుగోది, అయిదోది. మొత్తం ఆరు."

"పదకొండేళ్లు ఆగకుండా నడిచింది ఆ నాలుగోది."

కిష్టప్ప చేతిలో ముక్క పళ్లెంలో పెట్టాడు. ఎన్నో ఏళ్లుగా ఎవరినైనా అడగాలనుకున్నది ఒకటి ఉంది. అడగడానికి లోపల ఉన్న మనిషి దొరకలేదు. ఇప్పుడు దొరికాడు. "సార్, దాన్ని వెలిగిచ్చిన నాడు మీరు లోపల్నే ఉంటిరి గద. ఎట్లుండె?"

చలపతిరావు చెప్పబోయాడు.  వెతుక్కుంటున్నాడని తెలుస్తూనే ఉంది. పుట్టినరోజు టేబుల్ దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు, ఆ చప్పుడు అణిగేదాకా ఆయన గ్లాసునే తిప్పుతూ ఉన్నాడు.

"చూడలేదండీ" అన్నాడు చివరికి. "ఎండీ గారు వచ్చారు. ఫోటో తీశారు. అందరం ఫర్నేసుకి వీపు పెట్టి వరసలో నిలబడ్డాం. ఫోటో అవగానే లడ్డూలు పంచారు, మీటింగుకి వెళ్లిపోయాం." గ్లాసు వదిలేశాడు. "వీపుకి వేడి తగిలింది. అదొక్కటే గుర్తుంది."

కిష్టప్ప పొయ్యి వైపు చూశాడు. గేటు బయట నిలబడి ఇన్నేళ్లూ తను ఏడ్చింది ఆ వరుసలో నిలబడ్డ అదృష్టవంతులను చూసి. వాళ్లూ చూడలేదు. నలభై భట్టీలు, పుట్టిన నాడు ఎవరి కంటా పడకుండానే అంటుకున్నాయి. అతనికి సారు మీద జాలేసింది, ఎన్నడూ వేస్తుందనుకోలేదు.

"సార్" అన్నాడు. "కుర్సీ జెర ఇటు తిప్పుకోండ్రి."

చలపతిరావు లేచాడు. కుర్చీని ఎత్తి, టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, కిష్టప్ప పక్కన, పొయ్యికి ఎదురుగా వేసుకున్నాడు. రమ్యశ్రీ ఇంకో రొట్టె లోపలికి తోసింది. తెల్లటి గుమ్మటం కింద మంట వంపు తిరిగి పాకింది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. సోమమ్మ తన పళ్లెంలోంచి ఒక ముక్క తుంచి సారు ముందు పెట్టింది.

"జల్ది తినుండ్రి సార్" అంది. "సల్లగైతే ఇది పనికిరాదు."